వానాకాలంలో నల్లమల అంచున: పుట్టగొడుగులు, అడవి ఆర్కిడ్లను ఫొటో తీసే బృందానికి సమగ్ర మార్గదర్శి

చాలామంది అడవిలో తల పైకెత్తి నడుస్తారు, పులి కనిపిస్తుందేమో, గద్ద ఎగురుతుందేమో అని. ఈ నడకలో చూపు నేల మీద, కుళ్లిన దుంగల మీద ఉండాలి. అప్పుడప్పుడు మాత్రమే కొమ్మల మీదికి వెళ్లాలి. రెండు గంటల్లో అర కిలోమీటరు దాటితే తొందరపడినట్టే లెక్క. ఈ సంగతి బృందంలో అందరికీ బయలుదేరకముందే చెప్పండి. ట్రెక్కింగ్ అనుకుని వచ్చినవారు గంట గడవకముందే విసుక్కుంటారు, పక్కవారి పనీ చెడగొడతారు.

పుట్టగొడుగులను, ఆర్కిడ్లను ఒకే నడకలో కలపడానికి కారణం ఉంది. ఆర్కిడ్ విత్తనం ధూళి రేణువంత ఉంటుంది. మొలకకు కావలసిన ఆహారం దానిలో నిల్వ ఉండదు. పుట్టగొడుగులు కూడా శిలీంధ్రాలే. నేలలోనో బెరడులోనో అల్లుకున్న శిలీంధ్రపు దారాలు ఆ విత్తనంలోకి చేరి ఆహారం అందిస్తేనే మొలక బతుకుతుంది. తగిన శిలీంధ్రం లేని చోట ఎన్ని విత్తనాలు రాలినా వృథాయే. అడవిలోని నేల ఆర్కిడ్‌ను పెరికి తెచ్చి కుండీలో పెడితే ఎక్కువ కాలం దక్కకపోవడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి ఒక దాన్ని వెతికేటప్పుడు రెండో దాని మీదా కన్నేసి ఉంచడం దండగ కాదు.

ఎప్పుడు వెళ్లాలి

నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి సాధారణంగా జూన్ మొదటి రెండు వారాల్లో చేరుకుంటాయి. అన్నీ ఒకేసారి కనిపిస్తాయని మాత్రం ఆశించకండి. నేల ఆర్కిడ్లలో తొలి వానలకు నెర్వీలియా లేస్తుంది. అది పూసేటప్పుడు ఆకు ఉండదు, పువ్వు వాడిన తర్వాత ఒకే ఒక్క ఆకు నేల మీద పరుచుకుంటుంది. అందుకే జూలైలో చూసినవారికి ఆకే తప్ప పువ్వు దొరకదు. జియోడోరం జూన్ నుంచి ఆగస్టు దాకా పూస్తుంది. తెల్లటి పూల హబెనారియాలు చాలావరకు ఆగస్టు, సెప్టెంబరు నెలలవి. చెట్ల మీద పెరిగే వాండా ఆర్కిడ్లకు వేసవి చివర, తొలకరి రోజులు అనువైనవి.

పుట్టగొడుగుల కోసం వాన పడిన మర్నాడే పరుగెత్తితే తడిసిన నేల తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. గట్టి వాన కురిశాక మూడు నుంచి ఆరు రోజుల మధ్య, ఆకాశం మబ్బుపట్టి ఉక్కగా ఉన్నప్పుడు వెళ్లండి. ఒక్క ఆదివారమే వీలవుతుందంటే ఆగస్టు రెండో సగంలోనో సెప్టెంబరు మొదట్లోనో పెట్టుకోవడం మేలు. అప్పుడు రెండూ దొరికే అవకాశం ఎక్కువ. ఉదయం ఆరున్నరకల్లా నడక మొదలవ్వాలి. పేడ మీద మొలిచే సన్నటి కోప్రినాప్సిస్ రకాలు పొద్దెక్కేసరికి తమంతట తామే నల్లటి సిరాగా కరిగిపోతాయి. పది దాటాక వెళ్తే మచ్చ మాత్రం మిగులుతుంది.

ఎక్కడికి, ఎవరి అనుమతితో

అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. 2014 దాకా ఇది ఉమ్మడి నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగం. పుట్టగొడుగులు విరివిగా వచ్చే వానాకాలంలోనే ఇక్కడ సఫారీలను ఆపేస్తారు. ఆ నెలల్లో కోర్ ప్రాంతంలోకి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. మన్ననూరులోనో అచ్చంపేటలోనో అటవీ శాఖవారిని ముందుగా కలిసి, ఏ దారిలో నడవచ్చో, ఎంతమందికి అనుమతి ఇస్తారో అడగండి. మీరు తీసేది పువ్వులు, పుట్టగొడుగుల ఫొటోలని, ఏదీ కోయరని వివరంగా చెప్పండి. చెప్పకుండా దూరితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడవచ్చు. అభయారణ్యంలో పుట్టగొడుగు పీకినా నేరమే.

అనుమతి దొరకకపోతే నిరాశ పడనక్కరలేదు. రంగాపురం దగ్గర ఉమామహేశ్వరం గుడి దారి ఉంది. కొండ చరియ కింద ఏడాది పొడవునా నీరు ఊరే చోటు కాబట్టి తేమకు లోటు లేదు. మెట్ల పక్కన, పడిపోయిన కొమ్మల మీద వెతకడానికి బోలెడుంటుంది. దేవరకొండ కోట చుట్టూ ఉన్న రాళ్ల గుట్టలు, దిండి జలాశయం పరిసరాలు, పాలమూరు పల్లెల మామిడి తోటలు కూడా పనికొస్తాయి. తోటకు వెళ్లేటప్పుడు యజమానిని అడిగి వెళ్లడం మర్యాదే కాదు, అవసరం కూడా. కెమెరాలతో నలుగురు తన తోటలో చెట్లకేసి చూస్తుంటే ఏ రైతుకైనా అనుమానం వస్తుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రహదారిలో మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు. నగరం నుంచి తెల్లవారుజామున బయలుదేరి వెళ్లడం కన్నా ముందురోజు రాత్రి అచ్చంపేటలో బస చేయడం సుఖం.

బృందాన్ని ఎలా కూర్చాలి

ఆరుగురు చాలు, ఎనిమిదిమంది ఎక్కువే. పదిహేనుమందితో వెళ్తే అందరి కాళ్ల కింద నలిగేది మీరు ఫొటో తీయబోయే మొక్కే.

ముందు నడిచే మనిషి స్థానికుడై ఉండాలి. నల్లమలలో అంటే చెంచు గైడు. ఆయనకు కనిపించేవి మనకు కనిపించవు. ఏ పుట్ట మీద పుట్టగొడుగులు ఎప్పుడు పొంగుతాయో, ఏ వాగు ఎంత సేపట్లో ఉప్పొంగుతుందో ఆయనకు తెలుసు. ఆయనకిచ్చే కూలి ముందే మాట్లాడుకోండి, బేరం ఆడకండి. ఆయన ఆగమన్నచోట ఆగాలి, వద్దన్నచోట వద్దు. వెనక నడిచే మనిషి తలలు లెక్కపెట్టాలి. ఇంకొకరు పుస్తకంలో రాసుకోవాలి. మిగతావారు జంటలుగా విడిపోవాలి. ఒకరు నేల మీద పడుకుని ఫొటో తీస్తుంటే రెండోవారు నిలబడి చుట్టూ చూడాలి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవారికి వెనక నుంచి పాము వస్తున్నా తెలియదు.

ఒక మంచి పువ్వు దొరికితే క్యూ కట్టండి. మనిషికి ఐదు నిమిషాలు. వెళ్లే దారి ఒకటే, తిరిగి వచ్చే దారీ అదే. మోకాలు ఎక్కడ ఆనించాలో మొదటివారు చూపించాలి, తర్వాతివారు అక్కడే ఆనించాలి. పువ్వు పక్కనే అదే మొక్క పిల్లలు గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. వాటిని తొక్కితే వచ్చే ఏడాది ఆ చోట ఫొటో తీయడానికి ఏమీ ఉండదు.

సామాను

కెమెరా, చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ ఉంటే సరే, లేకపోయినా మామూలు ఫోను చాలు. చెట్టు మీది ఆర్కిడ్ల కోసం కనీసం ఒకరి దగ్గర 200 మిల్లీమీటర్ల లెన్స్ ఉండాలి. చిన్న ట్రైపాడ్, ఇసుకో బియ్యమో పోసిన గుడ్డ సంచి, నల్ల గొడుగు, అరచేతిలో పట్టే గుండ్రటి అద్దం, తెల్లటి అట్టముక్క, బట్టల క్లిప్పులు నాలుగు, స్కేలు, నోట్‌బుక్కు, పెన్సిలు తెచ్చుకోండి. వానలో పెన్ను రాయదు. తాగునీరు స్టీలు సీసాల్లో తెచ్చుకోండి, అభయారణ్యంలోకి ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. చీలమండలు కప్పే బూట్లు తప్పనిసరి.

వెతకడం: ఎక్కడ చూడాలి

నిజమైన పని ఇదే. దారి పొడవునా కళ్లు తిప్పుతూ పోతే ఏదీ దొరకదు. ఒకచోట ఆగి, కూర్చుని, చేయి చాచినంత మేర నేలను గడ్డిపోచ గడ్డిపోచగా చూడండి. మొదటి పుట్టగొడుగు కనిపించడానికి పది నిమిషాలు పట్టవచ్చు. కన్ను అలవాటుపడ్డాక పక్కనే ఇంకో నాలుగు బయటపడతాయి.

చెదపుట్టలతో మొదలుపెట్టండి. పాలమూరులోని పిల్లలమర్రికి చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి మనలో చాలామందికి గుర్తుంటుంది. చెదల్లో ఒక తెగ నేల లోపల శిలీంధ్రాన్ని సాగు చేస్తుంది. నమిలిన కట్టె ముక్కలతో తోటలు కట్టి, వాటి మీద టెర్మిటోమైసిస్‌ను పెంచి తింటుంది. బాగా వానలు పడ్డాక ఆ శిలీంధ్రమే నేలను చీల్చుకుని గొడుగులు విప్పుతుంది. దాని కాడ నేల పైన జానెడే కనిపించినా, లోపల వేరులా సన్నబడుతూ చెదల తోట దాకా దిగుతుంది. ఊళ్లలో జనం ఇష్టంగా ఏరుకునేది ఇదే. ఇందులో చిన్న రకమైన టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ ఒక్కసారిగా వందల సంఖ్యలో మొలిచి నేలంతా తెల్లగా చేస్తుంది.

పుట్టల మీదే, కాస్త పొడిగా ఉన్నచోట పోడాక్సిస్ కూడా కనిపిస్తుంది. ఇది గొడుగు విప్పదు. పొడవాటి తల మూసుకునే ఉండి, లోపల నల్లటి పొడిగా మారుతుంది. ముదిరిందని పారేయకుండా, ఆ పొడి రాలుతున్నప్పుడే పక్క నుంచి ఫొటో తీయండి.

పుట్ట దగ్గరికి వెళ్లేముందు ఒక్క నిమిషం ఆగండి. తాజాగా తవ్విన గుంత, గోళ్ల గీతలు, ఇంకా ఆరని మట్టి కనిపిస్తే ఎలుగుబంటి వచ్చి వెళ్లిందని అర్థం. ఎలుగుకు చెదలంటే ప్రాణం. చప్పుడు చేస్తూ, గుంపుగా వెనక్కి వచ్చేయండి. పుట్ట కన్నాల్లో నాగుపాము ఉండవచ్చు, చేయి పెట్టకండి.

తర్వాత దుంగలు. నల్లమద్ది, టేకు, తునికి కొమ్మలు పడి కుళ్లినచోట ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. బూడిద రంగులో చిన్న విసనకర్రల్లా అంటిపెట్టుకునే స్కిజోఫిల్లం ఎండాకాలంలో ముడుచుకుపోయి ఉంటుంది. వాన పడితే కొన్ని గంటల్లోనే మళ్లీ విచ్చుకుంటుంది. దాని అడుగున ఉండే సన్నటి మడతలు, అంటే రేకులు, నిలువునా రెండుగా చీలి ఉండడం ఒక్కటి చాలు గుర్తుపట్టడానికి. ఎర్రటి పలకల్లా ఉండే పిక్నోపోరస్, నల్లటి బంతిలా ఉండి కోసి చూస్తే లోపల వలయాలు కనిపించే డాల్డీనియా, మెత్తటి చెవిలాంటి ఆరిక్యులేరియా కూడా కట్టె మీదివే. బతికున్న చెట్టు మొదట్లో వార్నిష్ వేసినట్టు మెరిసే ముదురు గోధుమ రంగు పలక ఉంటే గానోడెర్మా కావచ్చు.

పేడ మీద, కుళ్లిన పుల్లల మీద సయాథస్ వెతకండి. అర సెంటీమీటరు వెడల్పున్న గిన్నెలో చిన్న గుడ్లున్నట్టు ఉంటుంది. ఆ గుడ్ల నిండా సిద్ధబీజాలే, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివే. వాన చినుకు సరిగ్గా గిన్నెలో పడితే అవి బయటికి చిమ్ముతాయి. బృందంలో ఓపికున్నవారికి ఇది మంచి పని: కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, చినుకు పడే దాకా వీడియో నడిపించడం.

ఆర్కిడ్ల కోసం చూపు రెండు చోట్లకు వెళ్లాలి. మామిడి, ఇప్ప లాంటి పెద్ద చెట్ల కొమ్మల కీళ్లలో వాండా టెస్సెల్లాటా, లూయిసియా, అకాంపే ఉంటాయి. తెల్లటి లావు వేళ్లు బెరడు మీద పాకుతూ, కొన్ని గాలిలో వేలాడుతూ ఉంటే ఆర్కిడ్ అని అనుకోవచ్చు. ఆ వేళ్ల పైపొర పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులో ఉంటుంది, తడవగానే ఆకుపచ్చగా మారుతుంది. వాన వెలిసిన వెంటనే ఒక ఫొటో, ఎండ తగిలాక అదే వేరుకు ఇంకో ఫొటో తీస్తే జంటగా బాగుంటాయి. తోటల్లో ఇవి చెట్టును పీల్చేస్తాయనుకుని బదనికతో పాటు నరికేస్తుంటారు. బదనిక చెట్టు కట్టెలోకి దిగి నీరు, లవణాలు తాగుతుంది. ఆర్కిడ్ పైన నిలబడి వానను, గాలిలోని తేమను వాడుకుంటుంది. రైతుకు ఈ తేడా చూపించి వస్తే ఆ నడక ఖర్చు రాబట్టినట్టే.

నేల ఆర్కిడ్లు పలచటి నీడలో, గడ్డి మధ్య, వెదురు పొదల అంచున ఉంటాయి. హబెనారియా రాక్స్‌బర్గీ వెడల్పాటి ఆకులను నేలకు అతికించినట్టు పరిచి, మధ్యలోంచి తెల్లటి పూల కాడను లేపుతుంది. జియోడోరం మడతల ఆకులతో ఉండి, పూల గుత్తిని కిందికి వంచేస్తుంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు మొదట ఆకులను వెతకండి, పువ్వు తర్వాత అదే కనిపిస్తుంది.

పుట్టగొడుగును ఫొటో తీయడం

అందమైన ఒక్క ఫొటోతో పేరు తేలదు. ఒక్కో పుట్టగొడుగుకు ఈ వరుసలో తీయండి.

1. దూరంగా నిలబడి పరిసరాలు: దుంగా, పేడా, పుట్టా, పచ్చికా అన్నది తెలియాలి.
2. పై నుంచి గొడుగు: పొలుసులు, గీతలు, మధ్యలో బొడిపె.
3. గొడుగు ఎత్తులో పక్క నుంచి. ఫోనును తలకిందులుగా పట్టుకుంటే కెమెరా నేలకు ఆనుతుంది, ఈ కోణం సులువవుతుంది.
4. అడుగు భాగం.
5. కాడ మొదలు: ఉంగరం ఉందా, కింద సంచి ఉందా.
6. పక్కన కొలత. స్కేలు మర్చిపోతే పది రూపాయల నాణెం పెట్టండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు.

నాలుగోదాని దగ్గరే చాలామంది పుట్టగొడుగును పీకేస్తారు. అవసరం లేదు. అద్దాన్ని గొడుగు కింద నేల మీద ఏటవాలుగా పెట్టి, అట్టముక్కతో వెలుతురు లోపలికి మళ్లించండి. అద్దంలో కనిపించే ప్రతిబింబం మీద ఫోకస్ చేయాలి, అద్దం అంచు మీద కాదు. అప్పుడు తేలే విషయాలు చూడండి: అడుగున రేకులున్నాయా, సన్నటి రంధ్రాలా, రేకులు తెలుపా, గులాబీ రంగా, నలుపా, కాడను తాకుతున్నాయా, తాకకుండా ఆగిపోయాయా. రెండు పుట్టగొడుగులు పై నుంచి అన్నదమ్ముల్లా కనిపించి, అడుగున పూర్తిగా వేరుగా ఉండడం మామూలే.

అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్య ఉంచండి. వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ నెమ్మదిస్తుంది. అందుకే ఇసుక సంచి మీద కెమెరా పెట్టి, రెండు సెకన్ల టైమర్ వాడాలి. తెల్లటి గొడుగులకు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే వివరమంతా పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఫ్లాష్ నేరుగా కొట్టకండి. అడ్డొచ్చిన గడ్డిని తెంపకుండా బట్టల క్లిప్పుతో పక్కకు లాగి పట్టి, ఫొటో అయ్యాక వదిలేయండి.

ఆర్కిడ్‌ను ఫొటో తీయడం

పువ్వును ఎదురుగా తీసిన ఫొటో అందరికీ ఉంటుంది. పేరు చెప్పేవారికి కావలసింది పక్క నుంచి తీసినది. హబెనారియాలకు పువ్వు వెనక తేనె గొట్టం వేలాడుతుంది. దాని పొడవు, వంపు జాతిని బట్టి మారతాయి. తర్వాత పెదవి రేక, అంటే మిగతావాటికి భిన్నంగా ఉండే రేక: ఎన్ని చీలికలు, ఏ ఆకారం. ఆకులు, పూల కాడ మొత్తం, చెట్టు మీదిదైతే ఆ చెట్టు ఆకు, బెరడు కూడా తీయండి. వాండా టెస్సెల్లాటా పూరేకుల మీద పసుపు పచ్చపై గోధుమ రంగు గళ్లుంటాయి, పెదవి ఊదా నీలం. ఈ రెండు రంగులూ ఒకే ఫ్రేములో స్పష్టంగా వచ్చేలా మబ్బు వెలుతురులో తీయాలి. ఎండ ఉంటే గొడుగు పట్టండి, అదే గొడుగు గాలినీ ఆపుతుంది.

చెట్టు మీదివాటి కోసం కొమ్మలెక్కకండి, కర్రతో వంచకండి. గాలికి విరిగి పడిన కొమ్మ మీద వాండా దొరుకుతుందేమో ముందు నేల మీద చూడండి. దొరికితే దగ్గరగా తీసి, ఆ కొమ్మను అక్కడే నీడలో వదిలేయండి. తోటలోనైతే యజమానికి చెప్పి, ఆయన సమ్మతిస్తే ఇంకో చెట్టు కొమ్మకు కట్టవచ్చు.

తినవచ్చా అన్న ప్రశ్న

ప్రతి బృందంలో ఒకరు అడుగుతారు. జవాబు: ఈ నడకలో ఏదీ తినం. ఫొటో చూసి తినదగినదని తేల్చడం ప్రమాదం. వానల తర్వాత పచ్చిక బయళ్లలో తెల్లటి గొడుగు మీద గోధుమ రంగు పొలుసులతో మొలిచే క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ చూడడానికి తినే రకంలాగే ఉంటుంది. తింటే కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అది ముదిరాక రేకులు ఆకుపచ్చగా మారతాయి, లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

దీన్ని మీ ఇంటి పెరట్లోనో సొంత పొలం గట్టునో దొరికిన పుట్టగొడుగుతో పరీక్షించవచ్చు. కాడ కోసేసి, గొడుగును సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. ఉదయానికి సిద్ధబీజాల అచ్చు పడుతుంది. క్లోరోఫిల్లం అచ్చు ఆకుపచ్చగా ఉంటుంది. చేతులు కడుక్కోండి. ఎవరైనా తిని అస్వస్థత పడితే 108కి ఫోను చేసి, మిగిలిన ముక్కను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడ దొరుకుతుందో ముందే గైడును అడిగి పెట్టుకోండి.

ఇంటికొచ్చాక

ఆ రోజు రాత్రే ఫొటోలను నోట్‌బుక్కుతో సరిపోల్చండి. తేదీ, చోటు, దేని మీద మొలిచింది, వాసన, రంగు రాసి ఉంటే పేరు వెతకడం సగం అయిపోయినట్టే. ఐనాచురలిస్ట్ లాంటి వేదికలో పెడితే తెలిసినవారు చూసి చెబుతారు. పుట్టగొడుగు ఫొటోలో జాతి పేరు తేలకపోవడం సర్వసాధారణం. అది గానోడెర్మా అన్న ప్రజాతి పేరు దగ్గరే ఆగితే అక్కడే ఆగనివ్వండి, ఊహించి రెండో పేరు తగిలించకండి.

ఆర్కిడ్ల విషయంలో మాత్రం చోటు బయటపెట్టకండి. పెరికి అమ్ముకునేవారు ఇలాంటి ఫొటోలే వెతుకుతారు. ఐనాచురలిస్ట్‌లో లొకేషన్‌ను మసకబరిచే ఏర్పాటు ఉంది. అది ఎంచుకుంటే సరైన బిందువుకు బదులు సుమారు ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తుంది. వాట్సాప్‌లో అసలు ఫైలు పంపేముందు ఫొటోలోని జీపీఎస్ వివరాలు తీసేయండి. పోస్టు కింద ఊరి పేరు, గుడి పేరు, కొండ మలుపు రాయకుండా 'నాగర్‌కర్నూల్ జిల్లా' అని వదిలేస్తే చాలు. అసలు చోటు వివరం నోట్‌బుక్కులో ఉంచుకుని, అనుమతి ఇచ్చిన అటవీ అధికారికి మాత్రం ఫొటోలతో పాటు ఒక ప్రతి అందజేయండి. వచ్చే వానాకాలం మళ్లీ అనుమతి అడగడానికి వెళ్లినప్పుడు ఆ ప్రతి మీ తరఫున మాట్లాడుతుంది.